చిన్న సుస్తీ, పెద్ద దవాఖాన: వరంగల్‌లో సాయంత్రం నాలుగు దాటితే ఎటు పోవాలి?

క్లుప్తంగా: అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వెళ్లి జ్వరం, దగ్గు, చిన్న గాయాలు చూపించుకునే ‘అర్జెంట్ కేర్’ కేంద్రాల గురించి ఈమధ్య తరచూ వినిపిస్తోంది. వరంగల్‌లో అపాయింట్‌మెంట్ ఎప్పుడూ పెద్ద అడ్డంకి కాదు. ఇక్కడి లోటు మూడు చోట్ల ఉంది: సాయంత్రం, రాత్రి వేళలు; కుట్లు, ఎక్స్‌రే, పిండికట్టు లాంటి చిన్న పనులు; ‘ఇది చిన్నది, ఇది పెద్దది’ అని మొదట్లోనే తేల్చి చెప్పే మనిషి. ఈ లోటు భారం ఇప్పుడు ఆర్‌ఎంపీల (వైద్య డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాళ్ల) మీద, మెడికల్ షాపుల మీద, నగరంలోని పెద్ద ప్రభుత్వ దవాఖాన ఎంజీఎం ఎమర్జెన్సీ మీద పడుతోంది.

చిక్కు ఎక్కడ వస్తోంది

కాజీపేటలో మామూలు రోజు, రాత్రి ఎనిమిది గంటలు అనుకుందాం. ఆడుకుంటున్న పిల్లాడికి గడప తగిలి గదవ చీలింది. రెండు మూడు కుట్లు పడాలి, టీటీ ఇవ్వాలి, తల అదిరిందేమో ఒకసారి చూడాలి. చేయి తిరిగిన డాక్టర్‌కు ఇది అరగంట పని. కానీ బస్తీ దవాఖాన అప్పటికే మూసేశారు. వీధి చివరి క్లినిక్‌లో డాక్టర్ ఉన్నా కుట్లు వేసే ఏర్పాటు లేదు. హన్మకొండలోని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ముందు రిసెప్షన్, తర్వాత ‘ఒక రాత్రి అబ్జర్వేషన్‌లో పెడదామా’ అనే మాట, ఆ పైన బిల్లు టెన్షన్. చివరికి బండి ఎంజీఎం వైపు తిరుగుతుంది. అక్కడ పురుగుల మందు తాగినవాళ్లు, లారీ గుద్దినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల మధ్య ఈ పిల్లాడి వంతు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. చెప్పకపోవడంలో తప్పు కూడా లేదు, ఎమర్జెన్సీ వార్డు నడవాల్సిన తీరే అది.

ఊళ్లో డాక్టర్లు ఉన్నారు, దవాఖానలు ఉన్నాయి, మందుల షాపులకు కొదవే లేదు. అయినా ఈ అరగంట పనికి సరిపోయే చోటు దొరకదు. బోర్డులు చూస్తే అయోమయం ఇంకా పెరుగుతుంది. బస్తీ దవాఖాన, అర్బన్ హెల్త్ సెంటర్, పాలీక్లినిక్, ‘24 గంటల ఎమర్జెన్సీ’... వీటిలో ఏది దేనికో బోర్డు చెప్పదు.

అర్జెంట్ కేర్ ఎందుకు పుట్టింది

ఈ పద్ధతి 1970ల్లో అమెరికాలో మొదలైంది. ఫ్యామిలీ డాక్టర్‌ను కలవాలంటే అక్కడ రోజుల తరబడి ఆగాలి. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్తే చిన్న గాయానికి కూడా భారీ బిల్లు. పైగా 1986లో వచ్చిన చట్టం ప్రకారం, డబ్బు ఇవ్వగలరా లేదా అన్నది చూడకుండా ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి ఒక్కరినీ పరీక్షించాల్సిందే. దాంతో రద్దీ పెరిగింది. ఈ రెండింటి నడుమ ఖాళీలో అర్జెంట్ కేర్ కేంద్రాలు వెలిశాయి. నేరుగా లోపలికి వెళ్లొచ్చు, ఎక్స్‌రే ఉంటుంది, కుట్లు వేస్తారు, ఎమర్జెన్సీతో పోలిస్తే ఖర్చు తక్కువ. ఇన్సూరెన్స్ కంపెనీలకూ ఇదే లాభం కాబట్టి రోగిని అటు పంపే ఏర్పాటు వాళ్లే చేశారు. ఇప్పుడు అక్కడ ఇలాంటి కేంద్రాలు పది వేలకు పైగా ఉన్నాయి.

బ్రిటన్ దారి వేరు. అక్కడ ప్రభుత్వ వైద్యం ఉచితం కాబట్టి గొడవ ఖర్చుది కాదు, లైన్లది. 2000 నుంచి నర్సులే ఎక్కువగా నడిపే వాక్-ఇన్ కేంద్రాలు తెరిచారు. తర్వాతి కాలంలో వాటిలో చాలా మూతపడ్డాయి. ఎమర్జెన్సీలో రద్దీ అనుకున్నంత తగ్గకపోగా, అంతకుముందు ఇంట్లోనే తగ్గించుకునే జలుబు, దగ్గు కూడా ఈ కేంద్రాలకు రావడం మొదలైందన్న విమర్శ వచ్చింది. ఆ తర్వాత డాక్టర్ల ఆధ్వర్యంలో, రోజుకు కనీసం 12 గంటలు తెరిచి ఉండే అర్జెంట్ ట్రీట్‌మెంట్ సెంటర్లు వచ్చాయి. వాటి దగ్గరికి వెళ్లేముందు అడగడానికి 111 నంబరు ఉంది. ఫోన్ చేస్తే లక్షణాలు అడిగి ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. తలుపు తెరిచి పెడితే చాలదని, ఏ తలుపు తట్టాలో చెప్పే మనిషి కూడా ఉండాలని ఆ అనుభవం చూపించింది.

వరంగల్‌కు ఈ రెండు కారణాలూ పూర్తిగా వర్తించవు. ఇక్కడ నూటికి తొంభై క్లినిక్‌లు నేరుగా వెళ్లేవే. పేరు రాయించి కూర్చుంటే గంటలో, రెండు గంటల్లో డాక్టర్ చూస్తాడు. కాబట్టి అమెరికా బోర్డు తెచ్చి ఇక్కడ తగిలిస్తే సరిపోదు.

పగలు ఉన్న ఏర్పాట్లు

ప్రభుత్వం వైపు మెట్లు కాగితం మీద బాగానే ఉన్నాయి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉండాలని నిబంధన. ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ లెక్క 3,000, 20,000. నగరాల్లో 50,000 మందికి ఒక అర్బన్ హెల్త్ సెంటర్. ఢిల్లీలో 2015లో మొదలైన మొహల్లా క్లినిక్‌ల తరహాలో 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు తెరిచారు. తర్వాత వరంగల్ సహా ఇతర నగరాలకు తెచ్చారు. ఒక డాక్టర్, ఒక స్టాఫ్ నర్సు, ఒక సహాయకుడు. ఓపీ, మందులు ఉచితం. రక్తపరీక్షల నమూనాలు తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపుతారు, ఫలితం తర్వాత వస్తుంది. ఊళ్లలో ఉపకేంద్రాల్ని పల్లె దవాఖానలుగా మారుస్తున్నారు.

బీపీ, షుగర్ గోలీలకు, మామూలు జ్వరానికి, గర్భిణుల చెకప్‌కు ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. ఇబ్బందంతా గడియారంతోనే. బస్తీ దవాఖాన పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. పెద్ద దవాఖానల ఓపీ చీటీలు మధ్యాహ్నానికే ఆగిపోతాయి. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ, బట్టల షాపులో సేల్స్‌గర్ల్, అడ్డా మీద నిలబడే కూలీ ఆ వేళలో దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఉచిత వైద్యానికి వాళ్లు కట్టే ధర అదే. పైగా చిన్న సుస్తీలు తేలేది సాయంత్రమే. పిల్లలకు ఒళ్లు వెచ్చబడేదీ, పని ముగించుకున్న మనిషి కాలి వాపు గమనించేదీ అప్పుడే. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల్లోనే అర్బన్ సెంటర్లకు సాయంత్రం ఓపీ ఉండాలన్న సూచన ఉంది. సూచన ఉన్నంత గట్టిగా అమలు లేదు.

నాలుగు తర్వాత

ఆ ఖాళీని ఎప్పుడో ఆర్‌ఎంపీలు నింపేశారు. ఫోన్ చేస్తే ఇంటికి వస్తారు, రాత్రి పదకొండుకైనా తలుపు తీస్తారు, పైసలు లేకపోతే పత్తి అమ్మాక ఇమ్మంటారు. వేళలు, దూరం, అప్పు... అర్జెంట్ కేర్ కేంద్రం తీర్చాల్సిన మూడు అవసరాలనూ ఆయన తీరుస్తున్నాడు. ఊళ్లో ఆయనకున్న పలుకుబడికి కారణం సూది మాత్రమే కాదు.

అయితే తీర్చే తీరులోనే ప్రమాదం ఉంది. జ్వరం రాగానే డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది, ఒక స్టెరాయిడ్, రెండు రోజుల యాంటీబయాటిక్, నీరసం అంటే సెలైన్. స్టెరాయిడ్‌తో జ్వరం దిగుతుంది, ఆకలి వేస్తుంది, ‘డాక్టర్ చెయ్యి మంచిది’ అన్న పేరు వస్తుంది. లోపలి జబ్బు మాత్రం అలాగే ముదురుతుంది. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అధికారుల తనిఖీ దాడులు జరిగినప్పుడు కొన్నాళ్లు బోర్డులు దిగుతాయి, మళ్లీ లేస్తాయి. రాత్రి తొమ్మిదికి వేరే దారి చూపకుండా ఉన్న దారి మూస్తే జరిగేది ఇదే.

మెడికల్ షాపుది మరో కథ. ‘జ్వరం గోలీ ఇవ్వన్నా’ అంటే పారాసిటమాల్ ఇవ్వడం వరకు ఫర్వాలేదు. దాంతోపాటు యాంటీబయాటిక్ రెండు గోలీలు కత్తిరించి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు అమ్మితే చీటీ రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో ఎక్కించాలి. కౌంటర్ దగ్గర ఆరుగురు నిలబడి ఉన్న సాయంత్రం పూట ఆ రిజిస్టర్ ఎంతవరకు తెరుచుకుంటుందో కొనేవాళ్లకు తెలిసిందే.

ఎంజీఎం మీద భారం ఎందుకు

1959లో ఏర్పడిన కాకతీయ మెడికల్ కాలేజీకి ఎంజీఎం బోధనాసుపత్రి. పాత వరంగల్ జిల్లాకే కాదు, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ వైపు నుంచి కూడా చివరి ఆశగా రోగులు వచ్చేది ఇక్కడికే. ఏటూరునాగారం నుంచి సుమారు వంద కిలోమీటర్లు వచ్చిన పాముకాటు కేసు, మిల్స్ కాలనీ నుంచి వచ్చిన వేలి గాయం ఒకే గేటులోంచి లోపలికి వస్తాయి.

వీటిని విడదీసే పద్ధతిని ట్రయాజ్ అంటారు. వచ్చిన వెంటనే నాడి, బీపీ, శ్వాస, స్పృహ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విభజిస్తారు. ఎరుపు అంటే ఇప్పుడే, ఆకుపచ్చ అంటే ఆగొచ్చు. ఆకుపచ్చ గుంపు పెద్దదైన కొద్దీ ఎరుపు వాళ్లను పట్టుకోవడం కష్టమవుతుంది. బయట గంటల తరబడి కూర్చున్న ఆకుపచ్చ రోగికి తనకన్నా వెనక వచ్చినవాళ్లు ముందు పోతున్నట్టు కనిపిస్తుంది, మాటామాటా పెరుగుతుంది. దవాఖానల్లో జరిగే చాలా గొడవలకు మూలం నిర్లక్ష్యం కన్నా ఈ వరుస అర్థం కాకపోవడమే.

చిన్న కేసులు ఎంజీఎంకే చేరడానికి జనం పెద్దగా మాట్లాడుకోని కారణం ఇంకోటి ఉంది. బండి మీంచి పడినా, కొట్లాటలో దెబ్బ తగిలినా అది ఎంఎల్‌సీ, అంటే పోలీసులతో, చట్టంతో ముడిపడిన వైద్య కేసు అవుతుంది. పోలీసులకు సమాచారం ఇవ్వాలి, రికార్డు రాయాలి, రేపు కోర్టుకు పిలిస్తే పోవాలి. అందుకే చాలా క్లినిక్‌లు ‘ఎంజీఎం తీసుకుపోండి’ అని చేతులు దులుపుకుంటాయి. చట్టపరమైన పనులు తర్వాత, ముందు ప్రాణం కాపాడే వైద్యం చేయాల్సిన బాధ్యత ప్రతి డాక్టర్‌కూ ఉందని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో స్పష్టంగా చెప్పింది. ప్రాణాపాయం లేని మోకాలి గాయానికి ఆ తీర్పు బలం అంతగా పనిచేయదు, భయం మాత్రం పనిచేస్తుంది.

ప్రైవేటు వాళ్లు ఎందుకు ముందుకు రారు

హన్మకొండలో ఇన్ని ఆసుపత్రులు ఉండగా ఒక్కరైనా రాత్రి పది దాకా చిన్న గాయాల కేంద్రం నడపొచ్చు కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే ఎందుకు కుదరదో తెలుస్తుంది. మన దగ్గర చాలా ఆరోగ్య బీమా పాలసీలు 24 గంటలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి. అదే రోజు ఇంటికి పంపే డే-కేర్ ఆపరేషన్లకు మినహాయింపు ఉన్నా, మూడు కుట్లు, ఒక ఎక్స్‌రే ఆ జాబితాలోకి రావు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అది కూడా జాబితాలో ఉన్న చికిత్సలకే తప్ప మామూలు ఓపీకి కాదు. అంటే పది లక్షల ఆపరేషన్‌కు భరోసా ఉన్న కుటుంబం, ఐదు వందల గాయానికి జేబులోంచే తీయాలి.

అటువైపు కేంద్రం నడిపేవాళ్లకు సాయంత్రం షిఫ్టుకు డాక్టర్, నర్సులు, ఎక్స్‌రే టెక్నీషియన్, కరెంటు, అద్దె అన్నీ ఖర్చే. వచ్చే రాబడి కన్సల్టేషన్ ఫీజు, డ్రెస్సింగ్ చార్జీ. రాబడి అడ్మిషన్‌లో ఉన్నప్పుడు అడ్మిషన్ వైపే వ్యవస్థ మొగ్గుతుంది. దాన్ని డాక్టర్ల దురాశగా మాత్రమే చూస్తే సగం బొమ్మే కనిపిస్తుంది. అమెరికాలో ఇన్సూరెన్స్ రోగిని ఎమర్జెన్సీ నుంచి కిందికి దింపింది, ఇక్కడ అదే ఇన్సూరెన్స్ ఓపీ నుంచి బెడ్ మీదికి ఎక్కిస్తోంది.

చిన్నదిగా కనిపించేవి

ఏ కేంద్రం పెట్టినా దాని పనితనం తేలేది కుట్లు ఎంత బాగా వేశారన్న దాంట్లో కాదు. ఏది తన దగ్గర ఉంచుకోవాలి, ఏది వెంటనే పంపాలి అన్న దాంట్లో తేలుతుంది. ఉత్తర తెలంగాణలో ఇందుకు నాలుగు ఉదాహరణలు ప్రతి సీజన్‌లో ఎదురవుతాయి.

మొదటిది కుక్కకాటు. పిక్క మీద రెండు పళ్ల గాట్లు, కాస్త రక్తం. చూడటానికి ఏమీ లేదు. కానీ చర్మం చిట్లి రక్తం వచ్చిందంటే అది మూడో కేటగిరీ, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ముందు చేయాల్సింది నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాల) సూది పడాలి, చాలామంది వదిలేసేది దీన్నే. ప్రభుత్వ దవాఖానల్లో చర్మంలోకి ఇచ్చే టీకాకు మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు డోసులుంటాయి. కుక్క కరిచిన గాయానికి వీలైనంతవరకు వెంటనే కుట్లు వేయరు. చూడగానే కుట్లేసి, టీటీ ఇచ్చి ‘ఏం కాదు పో’ అని పంపితే మంచి చేసినట్టే ఉంటుంది, జరిగేది కీడు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం.

రెండోది వానాకాలం జ్వరం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మందులు వాడకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఊళ్లో మొదట పడే సూది అదే కావడం విచారకరం. జ్వరం మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య దిగుతుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేదీ, అసలు ప్రమాదం మొదలయ్యేదీ అప్పుడే. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. జనం టెన్షన్ అంతా ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ తిరుగుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం ఎక్కువగా రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం. దాన్ని పసిగట్టాలంటే బీపీ, నాడి, మూత్రం గమనిస్తూ కొన్ని గంటలు కూర్చోబెట్టే నాలుగు మంచాల చోటు కావాలి. బస్తీ దవాఖానలో అది లేదు.

మూడోది పత్తి చేను నుంచి వచ్చేది. చేనుకు పురుగుల మందు పిచికారీ చేసి వచ్చిన మనిషికి తల తిరుగుతుంది, వాంతులు, ఒళ్లంతా చెమట. ఎండదెబ్బ అనుకొని నిమ్మకాయ నీళ్లిచ్చి పడుకోబెడతారు. నోట్లో చొంగ, కనుపాపలు చిన్నగా కావడం, ఊపిరి బరువు ఉంటే అది పురుగుల మందు ఒంట్లోకి చేరిన గుర్తు. బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, మందు డబ్బా వెంట పట్టుకొని పెద్ద దవాఖానకు పోవాలి. డబ్బా ఉంటే డాక్టర్‌కు సగం పని తప్పుతుంది.

నాలుగోది ‘గ్యాస్’. నలభై దాటిన మనిషికి ఛాతీలో మంట, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు. గ్యాస్ గోలీ వేసుకొని రాత్రంతా కూర్చుంటారు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యంలో ఒప్పుకున్న ప్రమాణం. సాయంత్రం కేంద్రంలో ఇంకేమీ లేకపోయినా ఈసీజీ యంత్రం, దాన్ని చదవగల మనిషి ఉండి తీరాలి.

వీటికి తోడు తలకు దెబ్బ తగిలి వాంతులు, మూతి వంకర పోవడం, మూడు నెలల లోపు పసికందుకు జ్వరం, పాముకాటు, గర్భిణికి రక్తస్రావం... ఏ క్లినిక్ గుమ్మం దగ్గరా ఆగాల్సినవి కావు, 108కి ఫోన్ చేయాల్సినవి.

మేడారం దారిలో ఉన్న నమూనా

ఈ మెట్ల పద్ధతి వరంగల్‌కు కొత్తదేమీ కాదు. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వచ్చినప్పుడు ఆరోగ్యశాఖ ఇదే పని చేస్తుంది. దారి పొడవునా వైద్య శిబిరాలు, మేడారంలో తాత్కాలిక ఆసుపత్రి, అక్కడ కుదరకపోతే ములుగు, అదీ దాటితే ఎంజీఎం. వాంతులు, విరేచనాలు, కాలి బొబ్బలు, జంపన్నవాగు దగ్గర జారి పడ్డ దెబ్బలు శిబిరాల్లోనే తీరిపోతాయి, బరువైన కేసులే పైకి వస్తాయి. వేళాపాళా లేకుండా ఉంటారు, చీటీల లైను ఉండదు.

జాతరలో కుదిరింది మిగతా రోజుల్లో ఎందుకు కుదరదంటే, శిబిరాలకు డాక్టర్లను వేరే చోట్ల నుంచి డిప్యుటేషన్ మీద తెస్తారు. నాలుగు రోజులకు అది సాధ్యం, మూడు వందల అరవై రోజులకు కాదు. పైగా డాక్టర్ల సొంత క్లినిక్‌లు కళకళలాడేది సాయంత్రమే. ప్రభుత్వ షిఫ్టుకు మనిషి దొరకనిదీ ఆ వేళకే. రాత్రి డ్యూటీ చేసే ఒంటరి నర్సు భద్రత ఇంకో లెక్క.

మున్ముందు

పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. గుండె, కిడ్నీ, మెదడు జబ్బులకు హైదరాబాద్ పరుగు తగ్గించడం దాని ఉద్దేశం. గదవ చీలిన పిల్లాడికి దానితో వచ్చే లాభం తక్కువ. చిన్న కేసులకు వేరే తలుపు పెట్టకపోతే కొత్త భవనం ముందు కూడా పాత లైనే నిలబడుతుంది.

చిన్న కేసుల లెక్క మార్చగలిగింది వేరే ఉంది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో, ములుగు, నర్సంపేటలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బోధనాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రిపూట కుట్లు వేసేది, కట్లు కట్టేది ఎక్కువగా హౌస్ సర్జన్లే, అంటే ఎంబీబీఎస్ చదువు ముగించి శిక్షణలో ఉన్న కొత్త డాక్టర్లే. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు పోను, మహబూబాబాద్ తొలి బ్యాచ్ ఆ దశకు చేరేది 2027లో. మిగతావి ఒక్కో ఏడాది వెనక. అప్పటి నుంచి ఆ పట్టణాల చిన్న గాయాలు వరంగల్ దాకా రావడం తగ్గే వీలుంది. కాజీపేట, హన్మకొండ, వరంగల్‌కు మాత్రం అలాంటి కొత్త చేతులు రావు. ఉన్న అర్బన్ సెంటర్లలోనే రెండు మూడింటిని రాత్రి పది దాకా తెరిచి, ఈసీజీ, కుట్ల సామాను, నాలుగు మంచాలు ఇచ్చి, ఎక్స్‌రే కోసం దగ్గరలోని కేంద్రంతో కలిపితే ఖర్చు కొత్త భవనంతో పోల్చదగినది కాదు. అందుకు కావాల్సింది ఇటుకలు కాదు, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా కుర్చీలో కూర్చునే డాక్టర్‌కు సరిపడా జీతం, ఆయన పక్కన ఇంకో ఇద్దరు మనుషులు.